మీ హాల్ సెన్సర్ ఎందుకు చాలదంటే: విమానం మీద పిడుగును కొలవడం గురించి

ముందుగా ప్రశ్న ఏమిటో చెబుతాను, చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న నలుగురు కలిసి, ఎగురుతున్న విమానం మీద పిడుగు పడితే ఎంత కరెంటు పారిందో కొలిచే పరికరం చేద్దామనుకుంటున్నారు. ఒక హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న చిప్పు), ఒక చిన్న మైక్రోకంట్రోలర్ సరిపోతాయా? లేక రోగోవ్‌స్కీ కాయిల్ (కరెంటు దారి చుట్టూ వేసే తీగ చుట్ట) కావాలా? దాన్ని ఎక్కడ బిగించాలి? వచ్చిన అంకెను చూసి ఆ విమానం మళ్లీ ఎగరొచ్చో లేదో చెప్పగలమా?

నేను మొదట ఎనిమిదేళ్లు లైన్ మెయింటెనెన్స్‌లో, ఆ తర్వాత పదమూడేళ్లు పిడుగు పరీక్షలు చేసే ఒక ల్యాబులో పనిచేశాను. మీరు అడిగిన నాలుగూ నేను ఒకప్పుడు అడిగినవే. హాల్ సెన్సర్ చాలదు. రోగోవ్‌స్కీ కాయిల్ ఒక్కటే ఉన్నా చాలదు. అసలు సెన్సర్ ఏదో తర్వాత చూద్దాం, పిడుగులో మీరు దేన్ని కొలవాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా కొన్న ప్రతి సెన్సరూ డబ్బు దండగే.

పిడుగును మనం ఒకే ఒక్క దెబ్బ అనుకుంటాం. విమానానికి మాత్రం అది పొడుగాటి సంఘటన. పరీక్షల్లో వాడే ప్రామాణిక తరంగ రూపాలు అమెరికా ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ వారి ఏఆర్‌పీ 5412లో, యూరప్‌లో దానికి జోడీ అయిన ఈడీ-84 అనే పత్రంలో ఉన్నాయి. అక్కడ పిడుగును ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం పెట్టారు. ‘ఏ’ అంటే మొదటి పెద్ద పోటు: 2 లక్షల ఆంపియర్లు, శిఖరానికి చేరడానికి 6.4 మైక్రోసెకన్లు, మొత్తం తంతు 500 మైక్రోసెకన్లలో ముగుస్తుంది. ‘బీ’ మధ్యలో వచ్చే 5 మిల్లీసెకన్ల దశ, సగటున 2 వేల ఆంపియర్లు. ‘సీ’ చూడ్డానికి చాలా చిన్నది, 200 నుంచి 800 ఆంపియర్లే, కానీ పావు సెకను నుంచి ఒక సెకను దాకా వదలదు. ‘డీ’ మరో పోటు, లక్ష ఆంపియర్లు. ఇవి కాక ‘హెచ్’ అని 10 వేల ఆంపియర్ల సన్నటి పోట్లు గుంపులుగా వస్తాయి, ఒక్కొక్కటి పావు మైక్రోసెకనులో శిఖరానికి చేరుతుంది.

వీటిలో ఒక్కోటి చేసే నష్టం ఒక్కో రకం. ‘ఏ’ ముక్కలో చూడాల్సింది యాక్షన్ ఇంటిగ్రల్, అంటే కరెంటు వర్గాన్ని కాలంతో కూడగా వచ్చేది. ప్రామాణికంలో అది 20 లక్షల ఆంపియర్ వర్గ సెకన్లు. ఒక జాయింటులో ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం ఉందనుకోండి, అర మిల్లీసెకనులో అక్కడ 2,000 జౌళ్ల వేడి పుడుతుంది. ‘సీ’ ముక్కలో చూడాల్సింది ఛార్జి, 200 కూలుంబులు. 400 ఆంపియర్లు అర సెకను పాటు ఒకే చోట నిలబడితే విమానం పైతొడుగైన పల్చటి స్కిన్‌కు చిల్లి పెట్టేది అదే. ఇక కరెంటు ఎంత వేగంగా పెరిగింది అన్నది లోపలి వైర్లలో వోల్టేజీ పుట్టిస్తుంది, కాక్‌పిట్ కంప్యూటర్లకు గండం అక్కడే. స్ట్రక్చర్ చూసే ఇంజనీరు మొదటిది అడుగుతాడు, స్కిన్ మరమ్మతు చేసేవాడు రెండోది, విమానం ఎలక్ట్రానిక్స్ (ఏవియానిక్స్) వాడు మూడోది. మీ పరికరం వీళ్లలో ఎవరికి జవాబు చెప్పాలి?

ఇప్పుడు హాల్ సెన్సర్ సంగతి లెక్కగట్టి చూద్దాం. ఏ320 విమానం ఫ్యూసలాజ్ (గొట్టం లాంటి మధ్య భాగం) వ్యాసార్థం దాదాపు 2 మీటర్లు. 2 లక్షల ఆంపియర్లు దాని చుట్టూ సమానంగా పరుచుకుని పారితే, స్కిన్ మీద అయస్కాంత క్షేత్రం 20 మిల్లీటెస్లా దాకా వస్తుంది. హాల్ సెన్సర్‌కు ఈ పరిమాణం కొత్తేమీ కాదు, హాయిగా కొలుస్తుంది. ఇదే లెక్క ‘సీ’ ముక్కకు, 400 ఆంపియర్లకు వేయండి. 40 మైక్రోటెస్లా వస్తుంది. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం కూడా అంతే, దాదాపు 40 మైక్రోటెస్లా! విమానం మలుపు తిరిగితే సెన్సర్ కంటికి కనిపించే మార్పూ, స్కిన్‌కు చిల్లి పెట్టే కరెంటూ ఒకే పరిమాణంలో ఉంటాయన్న మాట. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వేగంలో ఇంకో చిక్కుంది. మామూలుగా దొరికే హాల్ చిప్పులు వంద కిలోహెర్ట్జ్ దగ్గరే అలసిపోతాయి. ‘ఏ’ ముక్కను తంటాలు పడి అందుకున్నా, ‘హెచ్’ పోట్ల శిఖరాన్ని సరిగా చూడలేవు. మైక్రోకంట్రోలర్‌లోని ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) సెకనుకు పది లక్షల నమూనాలు తీసినా పావు మైక్రోసెకనులో ఎగసే పోటు శిఖరం రెండు నమూనాల మధ్యలో దూరి వెళ్లిపోతుంది.

అందుకే ఈ రంగంలో వేగానికి ఒక సెన్సర్, నెమ్మదికి ఇంకోటి వాడతారు. వేగానికి చిన్న లూపు, మావాళ్లు బీ-డాట్ అంటారు. చదరపు సెంటీమీటరు వైశాల్యం ఉన్న ఒకే చుట్టు తీగ. అది క్షేత్రాన్ని కొలవదు, క్షేత్రం మారే వేగాన్ని కొలుస్తుంది. ‘ఏ’ ముక్క మొదట్లో కరెంటు మైక్రోసెకనుకు లక్షా 40 వేల ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది. అప్పుడు ఆ ఫ్యూసలాజ్ మీద ఉన్న అంత చిన్న లూపులోనూ 1.4 వోల్టులు వస్తాయి, ఏ యాంప్లిఫయరూ అక్కర్లేదు. విద్యుత్ క్షేత్రానికి ఇలాంటిదే డీ-డాట్ ఉంది. రోగోవ్‌స్కీ కాయిల్ కూడా ఈ కుటుంబానిదే, తేడా అల్లా అది కరెంటు దారిని చుట్టూరా కౌగిలించుకుంటుంది కాబట్టి కరెంటు లోపల ఏ మూలన పారినా మొత్తం లెక్కలోకి వస్తుంది. ఇనుప కోర్ లేదు కనుక ఎంత కరెంటుకైనా శాచురేట్ కాదు, అంటే కొలత మధ్యలో ఆగిపోదు. అయితే వీటన్నిటి అవుట్‌పుట్‌ను ఇంటిగ్రేట్ చేస్తేనే, అంటే కాలంతో కూడితేనే, కరెంటు తెలుస్తుంది. ఇంటిగ్రేటర్‌లో మైక్రోవోల్టు ఆఫ్‌సెట్ ఉన్నా అర సెకనులో అది పేరుకుపోయి, ‘సీ’ ముక్క ఏదో ఇంటిగ్రేటర్ జారుడు ఏదో విడదీయలేని స్థితి వస్తుంది. నెమ్మది కరెంటుకు నమ్మకమైనది కోయాక్సియల్ షంట్, అంటే కరెంటు దారిలో పెట్టే అతి చిన్న నిరోధం. పావు మిల్లీ ఓమ్ షంట్ మీద 2 లక్షల ఆంపియర్లకు 50 వోల్టులు, 400 ఆంపియర్లకు 0.1 వోల్టు, డీసీ దాకా నిజాయితీగా చూపిస్తుంది. కాకపోతే దాన్ని కరెంటు దారిలోనే అడ్డంగా పెట్టాలి. ముక్కున బూమ్ (ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం) ఉన్న పరిశోధన విమానంలో సాధ్యమే. ప్రయాణికుల విమానాన్ని కోసి మధ్యలో షంట్ పెట్టలేం కదా.

ఎక్కడ బిగించాలి అన్న ప్రశ్నకు వస్తే, నా దృష్టిలో మొత్తం సమస్యకు ఇదే గుండెకాయ. పిడుగు ముక్కున తగిలి తోకలోంచి పోవచ్చు, ఒక రెక్క కొసన తగిలి రెండో కొసలోంచి పోవచ్చు. ముందుగా తెలియదు. పైగా విమానం ఆగి ఉండదు. 250 నాట్లంటే సెకనుకు దాదాపు 128 మీటర్లు. 37 మీటర్ల విమానం తన నిడివంతా 0.3 సెకన్లలో దాటేస్తుంది. పిడుగు దారి గాలిలో ఉన్నచోటే ఉంటుంది, విమానం దాని కిందుగా జారిపోతుంటుంది, తగిలిన చోటు వెనక్కి వెనక్కి గెంతుతూ పోతుంది.

ఇంకా సూక్ష్మమైన సంగతి ఒకటుంది, పాఠాల్లో దీన్ని గబగబా దాటేస్తారు. మొదటి మైక్రోసెకన్లలో కరెంటు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) చెప్పినట్టు వింటుంది, రెక్కల అంచుల దగ్గర, కొసల దగ్గర గుమిగూడుతుంది. కాలం గడిచేకొద్దీ నిరోధం మాట వినడం మొదలుపెట్టి లోహమంతటా పరుచుకుంటుంది. కాబట్టి స్కిన్ మీద ఒక చోట పెట్టిన లూపుకు మీరు వేసిన స్కేల్ ఫ్యాక్టర్ (కొలతను కరెంటుగా మార్చే గుణకం) మొదటి మైక్రోసెకనుకు సరిపోయినా మిల్లీసెకను దగ్గర తప్పుతుంది. కార్బన్ కాంపోజిట్ (కార్బన్ పోగులు, జిగురు కలిపి చేసిన పదార్థం) విమానాల్లో ఇది మరీ ఎక్కువ. బోయింగ్ 787 బరువులో సగం, మన తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో 45 శాతం కాంపోజిట్లే. కార్బన్‌కు అల్యూమినియం అంత వాహకత ఉండదు, అందుకే పైపొరలో లోహపు జాలీ లాంటిది పరుస్తారు. కరెంటు జాలీకీ, లోపలి లోహపు భాగాలకూ మధ్య వాటాలు మార్చుకుంటూ పోతుంది.

దీనికి రెండు తెలివైన దారులు నాకు బాగా నచ్చాయి. యూరప్‌లో ఎయిర్‌బస్, డచ్ విమాన పరిశోధన సంస్థ ఎన్ఎల్ఆర్ కలిసి పనిచేసిన ఐఎల్‌డాస్ అనే వ్యవస్థలో కిటికీల దగ్గర అయస్కాంత సెన్సర్లు పెట్టారు. ఫ్యూసలాజ్ మీద పారే కరెంటు క్షేత్రం కిటికీ సందులోంచి కాస్త లోపలికి తొంగిచూస్తుంది. దాన్ని లోపలి వైపు నుంచే కొలవొచ్చు, స్కిన్‌కు చిల్లు పెట్టక్కర్లేదు. అలా అనేక చోట్ల వచ్చిన కొలతలను వెనక్కి లెక్కగట్టి పిడుగు ఎక్కడ తగిలి ఎక్కడ పోయిందో తేలుస్తారు. రెండోది నాసా లాంగ్లీ వాళ్లు అభివృద్ధి చేసిన ఫైబర్ సెన్సర్. కాంతి ధ్రువణ తలం (కాంతి కంపించే దిశ) అయస్కాంత క్షేత్రంలో తిరుగుతుంది, ఫారడే ప్రభావం. ఫైబర్‌ను ఫ్యూసలాజ్ చుట్టూనో తోక మొదట్లోనో ఒక చుట్టు చుడితే, కరెంటు లోపల ఎలా పంచుకున్నా తిరిగిన కోణం మొత్తం కరెంటుకే అనుపాతంలో ఉంటుంది. ఇంటిగ్రేటర్ అక్కర్లేదు, నేరుగా కరెంటే వస్తుంది. 1310 నానోమీటర్ల కాంతికి 2 లక్షల ఆంపియర్ల దగ్గర ఒక్క చుట్టులో తిరిగేది సుమారు 12 డిగ్రీలు. అదే 400 ఆంపియర్లకు డిగ్రీలో నలభయ్యో వంతు. ఫైబర్ వంగినా, వణికినా, వేడెక్కినా ధ్రువణం చెదురుతుంది, ఆ చెదురును అంతకన్నా కిందికి అణచడమే ఆ పనిలో అసలు కష్టం.

ఎఫ్-106బి గురించి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1980 నుంచి 1986 దాకా నాసా ఒక పాత ఫైటర్‌ను కావాలనే ఉరుముల మేఘాల్లోకి పంపింది. దాదాపు 1,500 సార్లు మేఘాల్లో దూరింది, 714 సార్లు పిడుగు తిన్నది. 1984లో ఒక్క విహారంలోనే, 38 వేల అడుగుల ఎత్తున, 45 నిమిషాల్లో 72 పిడుగులు. దాని మీద బీ-డాట్, డీ-డాట్ సెన్సర్లు, ముక్కు బూమ్ దగ్గర కరెంటు సెన్సర్ ఉండేవి. కొలిచిన గరిష్ఠ కరెంటు 54 వేల ఆంపియర్లే, ప్రామాణికంలోని 2 లక్షలతో పోలిస్తే తక్కువ. కానీ కరెంటు పెరిగిన వేగం? మైక్రోసెకనుకు 3 లక్షల 80 వేల ఆంపియర్ల చొప్పున! పైన చెప్పిన ‘ఏ’ ముక్క వేగానికి రెండున్నర రెట్ల పైమాటే. శిఖరం ఒక్కటే కొలిచి ఉంటే “పర్లేదు, చిన్న పిడుగులే” అనుకుని ఇంటికి పోయేవాళ్లు. విమానాల మీద పడే పిడుగుల్లో చాలా భాగం విమానమే రప్పించుకుంటుందన్న సంగతి కూడా అప్పటి కొలతల వల్లే గట్టిపడింది. బలమైన క్షేత్రంలోకి వెళ్లిన లోహపు కాయం రెండు కొసల నుంచీ రెండు వైపులా లీడర్లు (పిడుగుకు దారి వేసే మెరుపు పాయలు) మొలుస్తాయి. ఆ విమానం ఇప్పుడు వర్జీనియాలో హ్యాంప్టన్‌లోని మ్యూజియంలో ఉంది. అటు వైపు ఉంటున్న మనవాళ్లు ఎవరైనా చూడకపోతే వెళ్లి చూడండి.

సెన్సర్ బాగుండి కూడా కొలత అబద్ధం చెప్పడం నా కళ్లారా చూశాను. ల్యాబులో చేరిన కొత్తల్లో ఒక లోహపు సిలిండర్ మీద 50 వేల ఆంపియర్ల పోటు పంపి, పైన బిగించిన బీ-డాట్ సంకేతాన్ని రెండు రోజులు రికార్డు చేశాను. అందమైన తరంగం, చివర్లో చిన్న కంపనాలు. మూడో రోజు మా సీనియర్ వచ్చి ఏమీ మాట్లాడకుండా స్పానర్ తీసుకుని లూపును ఉన్నచోటే 90 డిగ్రీలు తిప్పాడు. “మళ్లీ కొట్టు” అన్నాడు. అలా తిప్పితే లూపులోకి క్షేత్రం రాదు, తెర మీద సున్నా గీత రావాలి. సగానికి పైగా సంకేతం అలాగే ఉంది. ఆయన కేబుల్ చివరను వేలితో చూపించాడు. కేబుల్ మీది లోహపు అల్లికను, అంటే షీల్డును, జడలా మెలిపెట్టి, అయిదు సెంటీమీటర్ల పోగుగా లాగి కనెక్టర్ మూలకు కట్టి ఉంది. ఆ అయిదు సెంటీమీటర్ల ఇండక్టెన్స్ సుమారు 50 నానోహెన్రీలు. షీల్డు మీద 100 ఆంపియర్లు ఒక్క మైక్రోసెకనులో లేస్తే దాని మీదే 5 వోల్టులు పుడతాయి. నేను రెండు రోజులు కొలిచింది పిడుగును కాదు, ఆ జడను. షీల్డు చుట్టూరా 360 డిగ్రీలు బిగుసుకునే బ్యాక్‌షెల్ వేశాక, తిప్పిన లూపు తెర మీద గీత నేలకు దిగింది. ఆ రెండు రోజుల డేటా మొత్తం కొట్టేశాం.

అప్పటి నుంచి ఏ సెన్సర్ పెట్టినా మూడు పోట్లు తీస్తాను: మామూలుగా ఒకటి, 90 డిగ్రీలు తిప్పి ఒకటి, 180 డిగ్రీలు తిప్పి ఒకటి. మూడోది మొదటిదానికి తలకిందులుగా, అచ్చు గుద్దినట్టు రావాలి. విమానంలో అయితే రికార్డరు లోహపు పెట్టెలో, తన బ్యాటరీతో, బయటికి ఫైబర్ మాత్రమే వచ్చేలా ఉండాలి. పిడుగు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మెమరీ ఎప్పుడూ తిరుగుతూ, రికార్డింగు మొదలుపెట్టమనే ట్రిగ్గర్‌కు ముందు కాలాన్ని కూడా దాచుకోవాలి.

చివరి ప్రశ్న, అంకెను బట్టి విమానం ఎగరొచ్చో లేదో చెప్పడం. చెప్పలేం, చెప్పకూడదు. శంషాబాద్‌లో మే నెల రాత్రి ఒకటి గుర్తొస్తోంది. కెప్టెన్ విమానం రికార్డు పుస్తకమైన టెక్ లాగ్‌లో పిడుగు తగిలిందని రాసి దిగిపోయాడు. మెయింటెనెన్స్ మాన్యువల్ 05వ చాప్టర్‌లో ఇలాంటి సంఘటన తర్వాత చేయాల్సిన తనిఖీ ఉంటుంది. టార్చి పట్టుకుని రేడోమ్ (ముక్కు మీది రాడార్ తొడుగు) దగ్గర మొదలుపెట్టాం. ముక్కు వెనక ఒక రివెట్ తల మీద పెసరగింజంత మాడిన మచ్చ. దాని వెనక అడుగు దూరంలో ఇంకోటి. అలా పొట్ట కింద కుట్టు మిషన్ పోగు వేసినట్టు వరుసగా మచ్చలు, ఒక్కోదాని పక్కన టేపు ముక్క అంటిస్తూ వెళ్లాం. చివరికి ఎలివేటర్ (తోక దగ్గరి కదిలే రెక్క) కొసన స్టాటిక్ విక్ (స్థిర విద్యుత్తును గాలిలోకి వదిలే పుల్ల) ఒకటి సగం కాలిపోయి ఉంది. తెల్లవారింది. ఆ మచ్చల్లో ఒకటి మాత్రం, మిగతా వాటికన్నా కాస్త ముదురుగా, స్కిన్‌ను కరిగించి లోతుగా దిగింది. ‘సీ’ ముక్క అక్కడ నిలబడిందన్న మాట. ఏ సెన్సరూ ఆ మచ్చను వేలితో తడిమి చూడదు. సెన్సర్ చేయగలిగింది ఏమిటంటే, “ముక్కు నుంచి కుడి ఎలివేటర్‌కు పోయింది, ఛార్జి ఎక్కువ, అక్కడ మొదట చూడండి” అని చెప్పడం. ఆ మాట చెప్పే పరికరం ఆ రాత్రి నా చేతిలో ఉంటే ఎంత బాగుండేదో! మీ ప్రాజెక్టుకు ఆ లక్ష్యం పెట్టుకోండి, అది నిజంగా ఉపయోగపడుతుంది.

ఎలా మొదలుపెట్టాలంటే: విమానం అక్కర్లేదు, అసలైన పిడుగు అంతకన్నా అక్కర్లేదు. మేడ మీద తీగలు కట్టడం లాంటివి దయచేసి చేయకండి. పెద్ద కెపాసిటర్ బ్యాంకుల జోలికి కూడా వెళ్లకండి, అవి మనిషిని చంపుతాయి. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మీటరు పొడవు అల్యూమినియం గొట్టం తీసుకుని, మీ ల్యాబులో 10 ఆంపియర్లు ఇవ్వగల పల్స్ జనరేటర్‌తో అందులో అంత కరెంటు పంపండి. గొట్టం మీద క్షేత్రం సరిగ్గా ఆ 40 మైక్రోటెస్లాయే, అంటే ఏ320 మీద ‘సీ’ ముక్క ఎంతో అంత. 100 నానోసెకన్లలో లేచే పల్సు అయితే చదరపు సెంటీమీటరు లూపు పది చుట్లకు 0.4 వోల్టు ఇస్తుంది, మామూలు ఆసిలోస్కోప్‌లో బాగా కనిపిస్తుంది. గొట్టం మీద నాలుగు లూపులు చుట్టూరా పెట్టండి. మధ్యలో ఒక పలక కోసి, దాని బదులు కార్బన్ షీటు అతికించి మళ్లీ కొలవండి. నాలుగు లూపులూ వాటాలు ఎలా మార్చుకున్నాయో తెర మీదే కనిపిస్తుంది.

వీటన్నిటికీ ముందు లూపు తిప్పే పరీక్ష చేయండి. సున్నా డిగ్రీలది, 180 డిగ్రీలది తలకిందులు చేసి ఒకదాని మీద ఒకటి వేసి, 90 డిగ్రీలది కింద పెట్టి గ్రాఫు పంపండి. కేబుల్ చివర ఫోటో కూడా జత చేయండి. రెండూ చూసి తర్వాతి మాట చెబుతాను.